నీలి బిడ్డల ప్రాణదాత వివియన్ థామస్

కొందరు పిల్లలను మనం చూసే ఉంటాం. నాలుగు అడుగులు పరుగెత్తితే ఆయాసం. పెదవులు, గోళ్ళు నేరేడు పండు రంగులోకి తిరుగుతాయి. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి గొంతుకూర్చుంటారు. అలా కూర్చుంటే వాళ్ళకు ఊపిరి కొంచెం తేలికగా అందుతుంది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న పిల్లలు వీళ్ళు. ఇంగ్లీషులో వీళ్ళను బ్లూ బేబీస్ అంటారు. మనం నీలి బిడ్డలు అందాం. 1944 వరకు ప్రపంచంలో ఏ డాక్టరూ వీళ్ళకు ఏమీ చేయలేకపోయాడు. ఆ సంవత్సరం ఒక ఆపరేషన్ వాళ్ళ రాత మార్చింది. ఆ ఆపరేషన్‌ను ముందుగా ప్రయోగశాలలో చేసి, అది సాధ్యమని చూపించిన మనిషి డాక్టరు కాదు. కాలేజీ మెట్టు కూడా ఎక్కలేదు. ఉద్యోగం రిజిస్టరులో ఆయన హోదా ఊడ్చే పనివాడు. ఆయనే వివియన్ థామస్. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి రాసే అవకాశం వచ్చినందుకు సంతోషిస్తున్నాను.

బాల్యం - చదువు

వివియన్ థామస్ 1910 ఆగస్టు 29న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. ఆయన తాత తెల్లవాళ్ళ కింద బానిసగా బతికినవాడు. తండ్రి వడ్రంగి. కుటుంబం టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణానికి వచ్చి స్థిరపడింది. బడి వదలగానే వివియన్ తండ్రి దగ్గర వడ్రంగం నేర్చుకునేవాడు. కొలత తప్పకుండా కోయడం, అతుకు కనిపించకుండా కలపడం, చిన్న పనైనా ఓపికగా చేయడం ఆయనకు అక్కడే అలవడ్డాయి. ఆ చేతులే తరువాత వెంట్రుకంత సన్నని దారంతో రక్తనాళాలను కుట్టాయి.

ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు బడులు వేరు, బస్సులో సీట్లు వేరు, ఆసుపత్రిలో వార్డులు వేరు. థామస్ నల్లపిల్లల కోసం ఉన్న పెర్ల్ హైస్కూల్లో చదివి 1929లో బయటికి వచ్చాడు. డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. కాలేజీ ఫీజు కోసం వడ్రంగం చేస్తూ రూపాయి రూపాయి కూడబెట్టినట్టు డాలరు డాలరు దాచుకున్నాడు. అదే సంవత్సరం అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. దేశమంతా పనులు ఆగిపోయాయి. ఫిస్క్ యూనివర్సిటీలో ఆయన చేస్తున్న వడ్రంగి పని పోయింది. కాలేజీ చదువు వాయిదా పడింది.

1930 ఫిబ్రవరిలో ఒక స్నేహితుడి మాట మీద వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ప్రయోగశాలలో పనికి కుదిరాడు. జీతం వారానికి 12 డాలర్లు. కొన్నాళ్ళు చేసి డబ్బు కూడబెట్టి కాలేజీలో చేరదామనుకున్నాడు. కొన్ని నెలలకే ఆయన డబ్బు దాచిన బ్యాంకు మూతపడింది. దాచిందంతా పోయింది. డాక్టరు చదువు అక్కడితో చేజారింది. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్ళు.

ప్రయోగశాలే పాఠశాల

డాక్టర్ బ్లాలాక్ తెల్లజాతి సర్జన్, కలిగిన ఇంటి బిడ్డ. కొత్త కుర్రాడు ప్రశ్నలు అడిగే తీరు ఆయనకు నచ్చింది. ఆయనా, ఆయన దగ్గర పనిచేసే యువ డాక్టర్ జోసెఫ్ బియర్డ్ కలిసి థామస్‌కు శరీర నిర్మాణం, రసాయన పరీక్షలు, ప్రయోగాల కోసం కుక్కలకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయడం నేర్పారు. కొద్ది వారాల్లోనే థామస్ ఒంటరిగా ఆపరేషన్లు చేయసాగాడు. ఏ ప్రయోగం ఎలా చేశాడో ఎప్పటికప్పుడు నోటు పుస్తకంలో రాసిపెట్టేవాడు. పుస్తకాలు తెచ్చుకుని తనంతట తానే చదివేవాడు.

మొదటి రోజుల్లో ఒకసారి ఏదో పొరపాటు జరిగితే బ్లాలాక్ కోపంతో బూతులు తిట్టాడు. థామస్ తలవంచుకుని ఊరుకోలేదు. తనను అలా మాట్లాడితే పని మానేస్తానని నెమ్మదిగా, నేరుగా చెప్పాడు. బ్లాలాక్ క్షమాపణ చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. దేశమంతా పనులు లేక అల్లాడుతున్న రోజుల్లో, నల్లవాడు తెల్ల అధికారికి అలా చెప్పడం ఎంత ధైర్యమో ఆలోచించండి.

తోటి నల్లజాతి పనివాడితో మాటల్లో థామస్‌కు ఇంకో సంగతి తెలిసింది. పరిశోధన అంతా చేస్తున్నా కాగితాల్లో తనను ఊడ్చే పనివాడిగా రాసి, ఆ జీతమే ఇస్తున్నారు. చేసే పనికి తగిన హోదా, జీతం కావాలని అడిగాడు. జీతం పెరిగింది.

ఆ రోజుల్లో పెద్ద దెబ్బ తగిలిన మనిషి ఎందుకు చనిపోతున్నాడో సరిగ్గా తెలియదు. గాయం నుంచి విషం ఒళ్ళంతా పాకుతుందని కొందరు అనేవారు. నాళాల్లోంచి రక్తం, ద్రవం బయటికి పోయి ఒంట్లో రక్తం చాలకపోవడమే అసలు కారణమని బ్లాలాక్, థామస్ ప్రయోగాలు నిరూపించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు రక్తం, ప్లాస్మా ఎక్కించి ఎందరినో బతికించడానికి ఈ పరిశోధన దారి చూపింది. 1938లో వాళ్ళు మరో ప్రయోగం చేశారు. కుక్కలో చేతి వైపు వెళ్ళే ధమనిని కోసి, ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనికి కలిపి కుట్టారు. ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరుగుతుందేమో చూద్దామనుకున్నారు. పెరగలేదు. ప్రయోగం విఫలమైందని పక్కన పెట్టారు. ఆరేళ్ళ తరువాత అదే పనికొచ్చింది.

1933లో థామస్ క్లారాను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు ఇద్దరు కూతుళ్ళు.

బాల్టిమోర్‌లో తెల్ల కోటు

1941లో బ్లాలాక్‌ను బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జరీ విభాగానికి అధిపతిగా పిలిచింది. థామస్ కూడా తన వెంట రావాలని బ్లాలాక్ పట్టుబట్టాడు. థామస్ కుటుంబంతో కదిలాడు. అక్కడ నల్లవాళ్ళకు అద్దె ఇల్లు దొరకడమే గగనమైంది. ఆ ఆసుపత్రిలో నల్లవాళ్ళు చేసేది ఊడ్చే పని, తుడిచే పని. తెల్ల కోటు వేసుకుని ఒక నల్ల మనిషి వరండాలో నడిచివస్తుంటే జనం ఆగి చూశారు. ఆ చూపులు పడలేక థామస్ ప్రయోగశాల దాటి బయటికి వెళ్ళేటప్పుడు కోటు విప్పి వెళ్ళేవాడు.

మనకు ఇది కొత్తగా అనిపించదు. చిన్ననాడు బాబాసాహెబ్ అంబేద్కర్ బడిలో తన చేత్తో కుండ ముట్టుకుని నీళ్ళు తాగడానికి వీల్లేకపోయింది. దేశాలు వేరు, పేర్లు వేరు. అవమానం మాత్రం ఒకటే.

గుండెలో నాలుగు లోపాలు

అదే ఆసుపత్రిలో పిల్లల గుండె జబ్బుల క్లినిక్‌ను డాక్టర్ హెలెన్ టాసిగ్ నడిపేది. ఆమెకు చెవులు సరిగ్గా వినిపించేవి కావు. పిల్లల గుండె చప్పుడును వేళ్ళతో తాకి తెలుసుకునేది. తన క్లినిక్‌కు వచ్చే నీలి బిడ్డలు ఒక్కొక్కరే చనిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

జీవశాస్త్రం పాఠంలో మనం చదువుకున్నదే గుర్తు చేసుకుందాం. ఒళ్ళంతా తిరిగి వచ్చిన చెడు రక్తం గుండె కుడి వైపుకు చేరుతుంది. కుడి జఠరిక దాన్ని పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకుని ఎడమ వైపుకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమని గుండా ఒళ్ళంతా పంపుతుంది. నీలి బిడ్డల్లో ఎక్కువమందికి ఉండే జబ్బు పేరు టెట్రాలజీ ఆఫ్ ఫాలో. ఫాలో అనే ఫ్రెంచి డాక్టరు 1888లో దీన్ని వివరించాడు. ఇందులో నాలుగు లోపాలు. ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకు. రెండు జఠరికల మధ్య గోడకు రంధ్రం. బృహద్ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉంటుంది. కుడి జఠరిక కండ మందంగా తయారవుతుంది. దారి ఇరుకు కాబట్టి చెడు రక్తం ఊపిరితిత్తులకు పోలేక, రంధ్రం గుండా బృహద్ధమనిలోకి పోతుంది. అందుకే ఒళ్ళు నీలమవుతుంది.

ఊపిరితిత్తులకు ఇంకో దారిలో రక్తం పంపగలిగితే ఈ పిల్లలు బతుకుతారని టాసిగ్ ఆలోచన. ఇళ్ళకు నీళ్ళ గొట్టాలు అతికే మేస్త్రీ పని లాంటిదే ఇది. 1943లో ఆమె బ్లాలాక్, థామస్‌ల దగ్గరకు వచ్చింది. విన్నవెంటనే వాళ్ళకు 1938 నాటి ప్రయోగం గుర్తుకొచ్చింది. చేతికి వెళ్ళే ధమనిని పుపుస ధమనికి కలిపితే సరి. ఆ చేతికి పక్క నాళాల నుంచి రక్తం అందుతుంది.

చెప్పడం సులభం, చేయడం కష్టం. ఆ పని థామస్ మీద పడింది. ముందు ఆయన ఆసుపత్రిలో భద్రపరిచిన లోపమున్న గుండెలను పట్టుకుని పరిశీలించాడు. తరువాత కుక్కల్లో ఆ నీలి జబ్బును తెప్పించాలి, ఆ తరువాత ఆపరేషన్‌తో దాన్ని బాగుచేయాలి. సుమారు రెండేళ్ళు, దాదాపు 200 కుక్కల మీద పనిచేశాడు. ఆపరేషన్ తరువాత చాలాకాలం బతికిన మొదటి కుక్క పేరు అన్నా. దాని చిత్రపటం ఆ ఆసుపత్రి గోడ మీద ఉంది. చిన్న నాళాలు కుట్టే సూదులు అప్పట్లో దొరకలేదు. ఉన్న సూదులనే పొట్టిగా కోసి, అరగదీసి, పదును పెట్టి థామస్ తన చేత్తో తయారు చేశాడు. వడ్రంగి కొడుకు అనిపించుకున్నాడు.

1944 నవంబరు 29

ఆ రోజు ఆపరేషన్ బల్ల మీద 15 నెలల పాప ఉంది. బరువు నాలుగు కిలోలు కొంచెం దాటింది. ఇంకెంతో కాలం బతకని స్థితి. బ్లాలాక్ ఈ ఆపరేషన్‌ను కుక్క మీద ఒకే ఒక్కసారి, అదీ థామస్‌కు సాయం పడుతూ చేశాడు. థామస్ మాత్రం ఎన్నోసార్లు చేసి ఉన్నాడు. ఆపరేషన్ మొదలుపెట్టే ముందు బ్లాలాక్ థామస్‌ను పిలిపించి తన వెనక నిలబడమన్నాడు. చిన్న పీట వేసుకుని, బ్లాలాక్ కుడి భుజం మీదుగా చూస్తూ థామస్ నిలబడ్డాడు. కుట్టు ఏ వైపు నుంచి వేయాలి, కోత ఎంత పొడవు ఉండాలి, ప్రతిదీ అడుగుతూ సర్జన్ చేశాడు, చెబుతూ థామస్ చేయించాడు. ఆ గదిలో చేతిలో డిగ్రీ లేని మనిషి ఆయన. ఆ పని పూర్తిగా తెలిసిన మనిషి కూడా ఆయనే.

పాప ఆపరేషన్ తట్టుకుని బతికింది. రంగు మెరుగుపడింది. కొన్ని నెలల తరువాత మళ్ళీ నీలమై, రెండేళ్ళు నిండకముందే చనిపోయింది. కానీ దారి సరైనదేనని తేలింది. 1945 ఫిబ్రవరిలో మరో ఇద్దరికి చేశారు. వాళ్ళలో ఒక ఆరేళ్ళ బాబుకు ధమనులకు వేసిన పట్లు వదలగానే, బల్ల మీదనే పెదవులు గులాబీ రంగుకు మారాయి. ఈ వార్త ప్రపంచమంతా పాకింది. తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకుని బాల్టిమోర్‌కు బయలుదేరారు. ఏడాది గడిచేసరికి అక్కడ 200కు పైగా ఆపరేషన్లు జరిగాయి. అప్పటివరకు గుండెను ముట్టుకోవడానికి జంకిన సర్జన్లకు ధైర్యం వచ్చింది.

1945 మేలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ మూడు ఆపరేషన్ల వ్యాసం అచ్చయింది. రాసినవాళ్ళు బ్లాలాక్, టాసిగ్. ఆపరేషన్‌కు వాళ్ళిద్దరి పేర్లే పెట్టారు. థామస్ పేరు వ్యాసంలో ఎక్కడా లేదు.

పేరు లేని గురువు

ఆయన పని ఆగలేదు. మరికొందరు పిల్లల్లో గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారుగా ఉంటాయి. వాళ్ళలో మంచి రక్తం, చెడు రక్తం కలవకపోతే బతకరు. గుండెను ఆపకుండానే పై గదుల మధ్య గోడకు దారి చేసే పద్ధతిని 1946లో థామస్ కనిపెట్టాడు. బ్లాలాక్ ఆ కుట్లను చూసి మనిషి చేతి పనిలా లేదని ఆశ్చర్యపోయాడు. 1950లో అది కూడా ఇతర డాక్టర్ల పేరుతోనే బయటికి వచ్చింది.

దేశం నలుమూలల నుంచి వచ్చిన యువ సర్జన్లు థామస్ దగ్గర చేతిపని నేర్చుకున్నారు. వాళ్ళలో డెంటన్ కూలీ లాంటివాళ్ళు తరువాత ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. పగలు వాళ్ళకు గురువు. సాయంత్రం ఇల్లు గడవక, బ్లాలాక్ ఇంట్లో విందు జరిగితే అదే శిష్యులకు గ్లాసుల్లో మద్యం పోసి అందించే పనికి వెళ్ళేవాడు. 1946లో జీతం చాలక వెళ్ళిపోతానని చెప్పాక, బ్లాలాక్ ప్రయత్నించి జీతం బాగా పెంచాడు. 1947లో థామస్ మళ్ళీ చదువుకుందామని మోర్గాన్ స్టేట్ కాలేజీలో అడిగాడు. మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలన్నారు. డాక్టరై బయటికి వచ్చేసరికి ఏభై ఏళ్ళు వస్తాయి. ఆ ఆశ అక్కడ వదులుకున్నాడు.

బ్లాలాక్ మంచివాడా, చెడ్డవాడా? నేను రెండూ చెబుతాను. థామస్ ప్రతిభను గుర్తించి, నేర్పి, వెంట తీసుకువెళ్ళినవాడు ఆయనే. అందరి ముందు పేరు చెప్పవలసిన చోట చెప్పనివాడూ ఆయనే. 1964లో బ్లాలాక్ చనిపోయాడు.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

థామస్ దగ్గర పని నేర్చుకున్న సర్జన్లు చందాలు వేసుకుని ఆయన చిత్రపటం వేయించారు. 1971లో దాన్ని ఆసుపత్రికి బహూకరించారు. బ్లాలాక్ పటం ఉన్న చోటే అదీ చేరింది. మొదటి ఆపరేషన్ జరిగి అప్పటికి 26 ఏళ్ళు దాటింది. 1976లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చి, మెడికల్ కాలేజీలో సర్జరీ బోధకుడిగా నియమించింది. ఆ డాక్టరేట్ కూడా వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. అయినా అప్పటి నుంచి ఆయన అందరికీ డాక్టర్ థామస్ అయ్యాడు. 1979లో రిటైరై తన ఆత్మకథ రాశాడు. 1985 నవంబరు 26న తన 75వ ఏట కన్నుమూశాడు. పుస్తకం ఆ సంవత్సరమే అచ్చయింది. 2004లో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఆ ఆపరేషన్‌ను బ్లాలాక్-థామస్-టాసిగ్ షంట్ అని ముగ్గురి పేర్లతో పిలుస్తున్నారు.

కత్తి నుంచి కాథెటర్‌కు

థామస్ హైస్కూలు ముగించిన 1929లోనే జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు తన చేతి నరంలోంచి కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని తన గుండెలోకి తానే తోసుకుని, ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ గొట్టమే తరువాత వైద్యాన్ని మార్చేసింది. తారుమారు ధమనుల పిల్లల కోసం థామస్ ఛాతీ తెరిచి చేసిన దారిని, 1966లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ రాష్‌కిండ్ కాథెటర్ చివర చిన్న బెలూన్ కట్టి లోపలి నుంచే చేశాడు. ఇరుకైన పుపుస కవాటాన్ని బెలూన్‌తో వెడల్పు చేసే పద్ధతిని 1982లో ప్రకటించింది జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లే. అప్పటికి థామస్ జీవించే ఉన్నాడు.

కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డకూ బృహద్ధమనిని, పుపుస ధమనిని కలిపే ఒక చిన్న నాళం ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుంటుంది. కొందరు నీలి బిడ్డలకు అది మూసుకుపోతే ప్రాణం పోతుంది. ఇప్పుడు తొడ నరం నుంచో మరో చోట నుంచో కాథెటర్ పంపి, ఆ నాళంలో స్టెంట్ అనే లోహపు జాలీ గొట్టం అమర్చి తెరిచి ఉంచుతున్నారు. ఛాతీ కోయకుండా, థామస్ షంట్ చేసిన పనినే ఈ స్టెంట్ చేస్తుంది. చిన్నతనంలో పూర్తి ఆపరేషన్ అయిన పిల్లలకు పెద్దయ్యాక పుపుస కవాటం కారడం మామూలే. ఆవు మెడ నరంలోని కవాటాన్ని స్టెంట్ లోపల కుట్టి, మడిచి, కాథెటర్ ద్వారా పంపి గుండెలో విప్పే పద్ధతి 2000లో పారిస్‌లో మొదలైంది. అన్ని గుండెలకూ ఇవి సరిపోవు. ఆపరేషన్ ఇప్పటికీ చాలామందికి అవసరమే. కానీ అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. రక్తానికి దారి చూపించాలి.

మనకు చెప్పేదేమిటి?

డిగ్రీ లేకపోయినా గొప్పవాడు కావచ్చని చెప్పడానికి చాలామంది ఇలాంటి జీవితాలు రాస్తారు. నేను అలా రాయను. డిగ్రీ లేకపోవడం థామస్‌కు జీవితాంతం నష్టమే. జీతం పోయింది, పేరు పోయింది, కోరుకున్న డాక్టరు పని పోయింది. 20 ఏళ్ళ వయసులో ఆయనకు ఒక హాస్టల్, ఒక స్కాలర్‌షిప్ ఉండి ఉంటే ఆయన ఎంత ఎదిగేవాడో ఊహించండి. ఆయనకు దొరకనిది మనకు దొరికింది. ఈ నాలుగు గోడల విలువ అది.

మరో సంగతి కూడా చెప్పాలి. థామస్‌ను ఊడ్చే పనివాడిగా రాసుకున్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ నుంచే 1970లో లెవీ వాట్కిన్స్ మొదటి నల్లజాతి డాక్టరుగా పట్టా పుచ్చుకున్నాడు. తరువాత ఆయన జాన్స్ హాప్కిన్స్‌లో గుండె సర్జన్ అయి, 1980లో మనిషి ఒంట్లో ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్ అనే ప్రాణరక్షక యంత్రాన్ని అమర్చాడు. అది మనిషిలో అమర్చడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ ఆసుపత్రిలో ఆయనకు పెద్దదిక్కుగా నిలిచినవాళ్ళలో థామస్ ఒకరు. ఒకరు గుమ్మం దగ్గర ఆగిపోతే, వెనక వచ్చినవాడు ఆ గుమ్మం దాటాడు.

చివరగా ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు చేర్చారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లలకు పుట్టుకతో వచ్చే గుండె లోపాల పరీక్ష కూడా ఉంది. మన హాస్టల్లో ఏ తమ్ముడైనా, చెల్లెలైనా కొంచెం పరుగెత్తగానే ఆయాసపడి కూర్చుంటే, గోళ్ళు నీలంగా కనిపిస్తే బద్ధకం అనుకుని నవ్వకండి. వార్డెన్ గారికి చెప్పండి, డాక్టరుకు చూపించండి. రేపు మనలో ఒకరు ఆ డాక్టరు స్థానంలో కూర్చోవాలని, ఆ రోజు తన పక్కన నిలబడి పనిచేసినవాళ్ళ పేర్లన్నీ కాగితం మీద రాయాలని కోరుకుంటూ ముగిస్తున్నాను.